దారం కట్టని పదో చోటు

జూన్ 3

వదినగారికి,

ముందుగా నా రాతను మన్నించాలి. ఐదో తరగతితో బడి మానిపించారు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. అక్షరాలు చూస్తే కోడి గీకినట్టున్నాయి. ఇది మూడో కాగితం, ఇదీ చింపితే పుస్తకానికి అట్టలే మిగులుతాయి. ఫోనులో మాట్లాడదామంటే అవతలి గొంతు వినపడగానే నాకు నోరు పెగలదు. పైగా ఆ మోత మీ తమ్ముడికి పడదు. మోగిందంటే చెవులు మూసుకుని పెరట్లోకి వెళ్ళిపోతారు.

పెళ్ళికి ముందు మీరు "మావాడు మాట తక్కువ మనిషి" అన్నారు. నేనూ అంతే కదా, సరిపోతుందిలే అనుకున్నాను. ఇద్దరూ మాట తక్కువైతే గోడలే మాట్లాడుకోవాలని అప్పుడు తోచలేదు. ఎనిమిది నెలలైంది. పొద్దున లేస్తారు, అదే కంచంలో తింటారు, అడుగులు లెక్కపెట్టుకుంటూ మిల్లుకు వెళ్తారు. ఆరువందల నలభై. మొన్న దారిలో గుంట తవ్వితే చుట్టూ తిరగాల్సి వచ్చి ఆరువందల యాభై ఒకటి అయ్యాయని సాయంత్రం దాకా ముఖం అదోలా పెట్టుకున్నారు.

నిన్న క్యారియరు మరిచిపోతే తీసుకెళ్ళాను. మిల్లులో జానెడు వెడల్పు పట్టీలు నేస్తారు. తనిఖీ గదిలో బల్ల మీద, దీపం కింద, ఆ పట్టీ పాములాగా జారుతూ పోతుంటుంది. మీ తమ్ముడు దాన్ని చూస్తుంటారు. పోగు తెగినచోట, మడతపడినచోట అంచుకు ఎర్రదారం కడతారు. నేను కిటికీలోంచి ఎంతసేపు చూసినా నాకు ఒక్క లోపమూ కనపడలేదు. ఆయన మాత్రం తలైనా వంచకుండా చెయ్యి వేస్తున్నారు. ఆ ముఖం ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు వదినా. నిద్రపోతున్న పసిబిడ్డ ముఖంలా ఉంది.

పట్టీని చుట్టలు చుట్టి పెడతారు. ఒక చుట్టకు పది దారాలు పడితే అది నేసినవాళ్ళకు తిరిగి వెళ్తుంది, తక్కువైతే ఆ చోట్లు మాత్రం కోసి తీసేస్తారు. అందుకని మిల్లంతా ఆయన్ని "భూతద్దం" అంటున్నారు. నన్ను భూతద్దం పెళ్ళాం అంటున్నారు. అది పరవాలేదు. నేనంటే ఆయనకు ఇష్టం లేదేమో అన్నదే నా బాధ. చిన్నప్పటినుంచీ ఆయన్ని మీరే పెంచారు, మీకు తెలిసే ఉంటుంది. చెప్పండి.

మీ మరదలు

జూన్ 14

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి కుట్టుమిషను ఆపేసి కూర్చున్నాను. ఇష్టం లేదేమో అని రాశావు. అంటే పుట్టింటికి పోతానని చెప్పడానికి ఇది మొదటి మెట్టా? ఉన్నమాట సూటిగా రాయి.

వాడిది పిచ్చి కాదు. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, నాకు పదహారు. వాడి ముక్కు తుడిచింది నేను, వాడి కోసం పంతుళ్ళతో పోట్లాడింది నేను. పద్దెనిమిదేళ్ళకు చెప్పుల కొట్లో పెట్టాను. వచ్చినవాళ్ళకు "ఈ జత ఎడమదానికి మూడు కుట్లు వదులు" అని చూపించాడు. కొట్టువాడు నా కాళ్ళమీద పడినంత పనిచేసి "అమ్మా, వీణ్ణి ఎదుటి కొట్లో పెట్టు, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. తరవాత టికెట్ల కిటికీ దగ్గర పెడితే వరస తప్పి వచ్చినవాళ్ళకు టికెట్టు ఇవ్వనని మొండికేశాడు. అక్కడ తన్నులు తిన్నాడు. అలా నాలుగు పనులు. ఐదోది ఈ మిల్లు. ఆరేళ్ళయింది, ఒక్క మాట పడలేదు. ఆ పని పోతే వాడు మనిషిగా మిగలడు. అది ఒక్కటి గుర్తుపెట్టుకుని కాపురం చెయ్యి.

మాటలు రాకపోతే ఏం? చేతినిండా పనుంది, ఒక్క దురలవాటు లేదు. నలుగురితో కలవడం నువ్వే నేర్పు.

నీ వదిన

జులై 2

వదినగారికి,

అయ్యో, పుట్టింటి మాట నేను కలలో కూడా అనుకోలేదు. నాకు రాయడం సరిగ్గా రాక మీకలా తోచింది. ఇకమీదట ఇష్టం గురించి రాయను.

ఒక సంగతి జరిగింది. మిల్లులో ఏటా కళ్ళు పరీక్ష చేస్తారు. ఈ ఏడు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మీ తమ్ముణ్ణి పరీక్ష చేసి, ఆయనతో చాలాసేపు మాట్లాడి, తరవాత నన్ను పిలిపించింది. నేను గుమ్మంలోనే నించున్నాను. "లోపలికి రా తల్లీ, నేను కరవను" అంది. జబ్బు కాదు, మనసు అల్లిక వేరు, దీన్ని ఆటిజం అంటారని చెప్పింది. "మనం గుడ్డ చూస్తాం, ఆయన పోగులు చూస్తాడు. అల్లికలో ఒకటి తేడా వస్తే మనకు వెతికితే దొరుకుతుంది, ఆయనకు అదే వచ్చి కంట్లో గుచ్చుకుంటుంది" అంది. ఇలాంటివాళ్ళలో కొందరు ఆస్పత్రుల్లో గాజుపలకల మీద కణాలు చూసే పనిలో, అచ్చుకు ముందు తప్పులు దిద్దే పనిలో, కంప్యూటర్లలో తేడాలు పట్టే పనిలో బాగా రాణిస్తారట. అందరూ అలాగే ఉంటారని కాదట. "మీ ఆయనకు మాత్రం ఈ పని కొలిచి కుట్టిన చొక్కా. చొక్కా బాగానే ఉంది, లాగి చింపేవాళ్ళు చుట్టూ ఉన్నారు" అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. ఆయనతో మాట్లాడేటప్పుడు "కాస్త", "కొంచెం", "ఎప్పుడైనా" అనకూడదట. లెక్క చెప్పాలి, గంట చెప్పాలి. మనుషులతో మెలిగే తీరు కాగితం మీద రాసి పెట్టమంది. నా రాతతోనే రాసి గోడకు అంటించాను. ఎవరైనా పలకరిస్తే తిరిగి పలకరించాలి. ఎదుటివాళ్ళ బట్టల్లో లోపం చెప్పకూడదు. ఇంట్లో మాట బయట చెప్పకూడదు. ఆ మూడోది ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, ఎదురింటామె గొంతు రేకు మీద గులకరాళ్ళలా ఉంటుందని నేనన్న మాట ఆయన వెళ్ళి ఆమెకే చెప్పారు. దొంగలా ఇంట్లో దాక్కున్నాను మూడు రోజులు.

కాగితం పనిచేసింది వదినా. నాలుగోనాటికి గేటు కాపలా మనిషిని పలకరించారట. అతను ఆశ్చర్యపోయి టోపీ తీశాడట. "నీ నియమాలు సరైనవి" అన్నారు నాతో. ఇంతకాలం ఎవరూ మెచ్చుకోనట్టు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకొకటి కూడా అన్నారు. "పోస్టుమనిషి మనింటి ముందు ఆగని రోజు నువ్వు రెండు ముద్దలు తక్కువ తింటావు." ఎప్పటినుంచి చూస్తున్నారో! మొదటి ఉత్తరంలో నేనడిగినదానికి జవాబు దొరికింది. మీరు ఇక చెప్పక్కర్లేదు.

కానీ మిల్లులో పరిస్థితి బాగాలేదు. మూడు చుట్టలు తిరిగొస్తే నెల రోజులు మగ్గం లాగేసుకుని దుమ్ము గదిలో దూది దులపడానికి పంపుతారు. ఎదురింటి నేతగాణ్ణి పంపారు. ఆయన దగ్గుతుంటే మా ఇంటిదాకా వినపడుతోంది. కుళాయి దగ్గర వాళ్ళావిడ నా బిందె తీసి పక్కన పెట్టేసి, "మీ ఆయన కళ్ళు కళ్ళా, కత్తెరలా? మా ఆయన ఊపిరితిత్తులు కూడా ఓసారి దీపం కింద పెట్టి చూడమను. ఎన్ని పోగులు తెగాయో!" అంది. బిందె నిండకుండానే వచ్చేశాను.

మొన్న ఎవరో మీ తమ్ముడి బల్లమీద దీపం తీగ కోసేశారు. నిన్న స్టూలు మీద నూనె పోశారు. ఆ మరకతో ఇంటికొచ్చి, కూర్చోకుండా, గోడకు నుదురు ఆనించి నించున్నారు. "లోపం చూపిస్తే బాగవుతుంది కదా. వాళ్ళకు కోపమెందుకు?" అని నలభైసార్లు అడిగారు. పని మానేస్తారేమోనని భయంగా ఉంది. ఏం చెయ్యను?

మీ మరదలు

జులై 11

అమ్మాయీ,

ఆ డాక్టరమ్మ పేరు పెట్టిన సంగతి ఇంకెవరికీ చెప్పకు. నేను పెంచినవాడికి ఎవరో వచ్చి చీటీ అంటించడమేమిటి? ఆరేళ్ళప్పుడు ఆ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు, అప్పుడైతే నాకు పనికొచ్చేది. నేను దాచి పెళ్ళి చేశానని నీ మనసులో ఉంటే అడిగెయ్యి. నాకూ తెలియదు. అంతే.

ఇక అసలు సంగతి. లోకంలో ఎవడూ కళ్ళు పూర్తిగా తెరుచుకుని బతకడమ్మా. ముప్పై ఏళ్ళుగా గుడ్డతో బతుకుతున్నదాన్ని, నాకు తెలుసు. పోగు తప్పితే ఇస్త్రీ పెడితే పోతుంది, లేదా కుట్టులోకి మడిచేస్తాను. నవారు పట్టీలో పోగు తెగితే మంచం మీద పడుకున్నవాడు కింద పడతాడా? చూసీ చూడనట్టు కొన్ని వదిలెయ్యమని చెప్పు. వాళ్ళ మగ్గాలు వాళ్ళకుంటాయి, వీడి బల్ల వీడికుంటుంది. నా మాట వాడు వినడు, నా దగ్గర చిన్నప్పుడు చాలా దెబ్బలు తిన్నాడు. నువ్వు చెప్తే వింటాడు. నేను చెప్పమన్నానని మాత్రం అనకు.

నీ వదిన

జులై 25

వదినగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. "కొన్ని" అంటే ఆయనకు ఎక్కదు గనక డాక్టరమ్మ చెప్పిన పద్ధతిలో లెక్కపెట్టి చెప్పాను. తొమ్మిదింటికి దారం కట్టి, పదోదాన్ని వదిలెయ్యాలని. గోడమీద కాగితంలో నాలుగో నియమంగా రాశాను. "అందరూ ఇలాగే చేస్తారా?" అన్నారు. చేస్తారన్నాను. ఇంకేమీ అడగలేదు.

మీరు నవారు అనుకున్నట్టున్నారు. నవారుకన్నా బాగా మందం. గోదాముల్లో వాడతారట. తరవాత బరువు కట్టి లాగి చూసే గది ఒకటుందని విన్నాను, కాబట్టి భయం లేదనుకుంటాను.

వారం తిరక్కుండానే వాడలో గాలి మారింది. ఎదురింటాయన మళ్ళీ మగ్గమెక్కాడు. నిన్న కుళాయి దగ్గర వాళ్ళావిడే నా బిందె జరిపి, "ముందు నువ్వు పట్టుకోవే, నీకు నోరు లేదని ఈ నీళ్ళకు కూడా లోకువే" అంది. నవ్వొచ్చింది. మీ తమ్ముడి స్టూలు ఎవరో తుడిచి పెట్టారట. మీకు రుణపడ్డాను.

మీ మరదలు

ఆగస్టు 20

అమ్మాయీ,

చెప్పానా? చదువు వేరు, లౌక్యం వేరు. లెక్క పెట్టి చెప్పావు చూడు, అదీ తెలివంటే. వాడికి రెండు చొక్కాలు కుట్టి పంపుతున్నాను. మెడ దగ్గర చీటీ తీసేశాను, అది గుచ్చుకుంటే రోజంతా గోక్కుంటాడు. ఇక మిల్లులో పైమనిషిగా మేస్త్రీ పని అడగమను, వయసు మించిపోతోంది.

నీ వదిన

అక్టోబర్ 9

వదినగారికి,

చొక్కాలు అందాయి. వాటి గురించి రాయలేకపోతున్నాను.

గోదాములో సరుకు పెట్టె దించుతుంటే పట్టీ తెగింది. కింద ఇద్దరున్నారు. ఒకాయనకు కాలు నలిగింది, ఇంకొకాయన అక్కడే పోయాడు. ఆ పట్టీ మన మిల్లుది. బరువు కట్టి చూసే గది ఉన్నమాట నిజమే, కానీ ఇరవై చుట్టలకు ఒకదాన్నే లాగి చూస్తారట. నేను ఎవర్నీ అడగలేదు.

పోలీసులు తెగిన ముక్కను తనిఖీ గదికి తెచ్చారు. మీ తమ్ముడు చూసి, "ఇది పదోది" అన్నారట. అక్కడున్నవాళ్ళకు అర్థం కాలేదు. అప్పుడు ఆయనే మొదలుపెట్టి, జులై మధ్యనుంచి వదిలినవన్నీ చెప్పుకుంటూ పోయారట. ఏ చుట్టలో, ఎన్ని మూరల దగ్గర, ఏ అంచుకు ఎంత దూరంలో. నూట ఎనభై ఏడు. కాగితం చూడలేదు. రాసేవాడికి చెయ్యి నొప్పిపుట్టి మనిషి మారాల్సి వచ్చిందట. ఆ లెక్క పట్టుకుని గోదాములన్నీ వెతికితే, చెప్పిన చోటల్లా చెప్పినట్టే ఉందట. తెగడానికి సిద్ధంగా ఉన్నవి నాలుగు దొరికాయి. వాటికింద ఉండాల్సినవాళ్ళు ఇవాళ అన్నం తిన్నారు.

అయినా ఎవరు ఒప్పుకుంటారు? అన్నీ చూసినవాడు, అన్నీ గుర్తున్నవాడు కావాలనే వదిలాడంటే నేతగాళ్ళు ఆయన్ని కొనేశారని అనుకుంటున్నారు. "ఎవరు వదలమన్నారు?" అని అడిగితే, "నియమం" అన్నారట. "ఎవరి నియమం?" అంటే నోరు విప్పలేదట. ఇంట్లో మాట బయట చెప్పకూడదని రాసింది నేనే కదా.

ఆయన్ని ఠాణాలో ఉంచారు. ఎదురింటి నేతగాణ్ణి కూడా తీసుకెళ్ళారు, తెగిన పట్టీ అతని మగ్గానిది. వాళ్ళావిడ మా గుమ్మంలో కూర్చుని ఉంది. తిట్టడం లేదు. "మేమేమీ ఇవ్వలేదని నీకు తెలుసు కదా, నీకు తెలుసు కదా" అంటోంది. తిడితే బాగుండును.

నేను చెప్పెయ్యనా వదినా?

మీ మరదలు

అక్టోబర్ 15

అమ్మాయీ,

చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పకు. వాడికి లోకం తెలియదని డాక్టరమ్మ కాగితం రాసిస్తే నాలుగు తిట్టి వదిలేస్తారు. ఆ పేరు వద్దన్నదాన్ని నేనే, ఇప్పుడు అదే పేరుతో వాణ్ణి బయటికి తెమ్మంటున్నాను. నువ్వు చెప్తే తెలిసి చేయించావంటారు. నువ్వు లోపలికి పోతే వాడికెవరు అన్నం పెడతారు? నేతగాళ్ళ సంగతి నేతగాళ్ళు చూసుకుంటారు.

గోదాముల్లో వాడే పట్టీ అని ఆనాడు నువ్వు రాసిన ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అప్పుడు కూడా చదివే ఉంటాను. కంటికి ఆనలేదు. ముప్పై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించిన కళ్ళు. మూడు రోజులుగా మిషను ముట్టుకోలేదు.

నీ వదిన

అక్టోబర్ 21

వదినగారికి,

నిన్న ఆయన్ని చూడనిచ్చారు. పైన ట్యూబులైటు గుయ్యిమంటూ ఉంది, అది మనకు వినపడదు గానీ ఆయనకు తేనెటీగలు తలలో దూరినట్టుంటుంది. చెవులు మూసుకుని ఊగుతున్నారు. నన్ను చూసి ఊగడం ఆపారు. "నాలుగో నియమం మారిందా?" అన్నారు. మారిందన్నాను. "ఎప్పటినుంచి?" అన్నారు. నామీద కోపం లేదు వదినా. ఎంత వెతికినా ఆ ముఖంలో కోపం కనపడలేదు.

మీకు రాయని మాట ఒకటుంది. నాలుగో నియమం చెప్పిన రోజు ఆయన ఇంకేమీ అడగలేదని రాశాను. అది అబద్ధం. ఒకటి అడిగారు. "పదోది పెద్దదైతే?" అన్నారు. పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి. కుళాయి దగ్గర ఆమె అన్న మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి. ఇంక ప్రశ్నలు ఆగిపోతే చాలనిపించింది. "పదోదంటే పదోదే" అన్నాను. ఆయన తలూపి కాగితంలో నా అక్షరాల కింద తన చేత్తో ఆ మాట కూడా చేర్చారు. అసలు తెలుసుకోవాల్సింది ఆయన తెలుసుకోబోయారు. అడ్డుపడింది నేను. తెగిన పట్టీలో ఆ చోట ఒక్కచోటే పదకొండు పోగులు తెగి ఉన్నాయి.

చనిపోయినాయన తల్లి రోజూ మిల్లు గేటు దగ్గరికి వచ్చి నిలబడుతోంది. ఎవర్నీ ఏమీ అనదు. గేటు కాపలా మనిషి స్టూలు వేస్తే కూర్చోదు. నిజం చెబుదామని ఆమెను దాటుకుని రెండుసార్లు లోపలికి వెళ్ళబోయాను. రెండుసార్లూ తిరిగొచ్చేశాను.

రేపు ఉదయం విచారణ. డాక్టరమ్మను అడిగాను. నలుగురిలో నాకు నోరు రాదంటే, రాసుకొచ్చి చదువు అంది. పక్కన నిలబడతానంది. గోడమీది కాగితం కూడా తీసుకెళ్తున్నాను. అందులో రాత నాదని ఎవరైనా పోల్చుకోగలరు, అంత వంకర అక్షరాలు ఈ వాడలో ఇంకెవరికీ లేవు. ఆ కాగితం చూస్తే నేతగాళ్ళు కొనేశారన్న మాట పోతుంది, ఎదురింటాయన ఇంటికొస్తాడు, మీ తమ్ముణ్ణి కూడా వదిలే వీలుందని డాక్టరమ్మ అంటోంది. నన్నేం చేస్తారో ఆమెకు తెలియదు. ఆయన్ని మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రానివ్వరు, అది మాత్రం తెలుసు. ఇంకెక్కడా కూడా రానివ్వరేమో. ఆస్పత్రిలో గాజుపలకల పని గురించి డాక్టరమ్మ ఇప్పుడు ఎత్తడం లేదు.

ఆయనకు అన్నం ఎవరు పెడతారని రాశారు. మీరు రండి. ఇవి గుర్తుంచుకోండి. వెనకనుంచి భుజం మీద చెయ్యి వెయ్యకండి. కంచం మార్చకండి. "కాస్త పెట్టనా" అనకండి, రెండు గరిటెలు అనండి. మిల్లు కూత వినపడగానే లేచి చెప్పులేసుకుంటారు, ఆపకండి, గేటు దాకా వెళ్ళి తిరిగి రానివ్వండి. ఆ పోయినాయన వయసెంత అని రోజూ ఒకే గంటకు అడుగుతారు, ఠాణాలో కూడా అలాగే అడుగుతున్నారట. ముప్పై నాలుగు అని చెప్పండి. దాని వెనక ఇంకేమీ కలపకండి, ఊరుకోబెట్టాలని చూడకండి. కొట్టకండి వదినా. మీరు కొట్టరని తెలుసు, అయినా రాస్తున్నాను.

మీ ప్రస్తావన రేపు నా నోట రాదు. మీ ఉత్తరం నేనెప్పుడూ ఆయనకు చదివి వినిపించలేదు. వదలమన్నది నేనని మాత్రమే ఆయనకు తెలుసు. అందుకని ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా ఆయన దాచాల్సింది ఏమీ ఉండదు. మీరు కూడా జైలుకు వెళ్తే ఆయనకు ఇంకెవరూ ఉండరు, అంతేగానీ నేను మంచితనంతో రాస్తున్నాననుకోకండి.

జులైనుంచి మీరు రాసినవి దీంతోపాటు మడిచి పెట్టాను. మీ దగ్గరున్న నా ఉత్తరాలూ కలిపి అన్నీ పొయ్యిలో పెట్టండి. సగం కాలాక తీసి మళ్ళీ చదవకండి. పూర్తిగా బూడిదయ్యాకే బండెక్కండి.

మీ మరదలు